పాలు పంచినవాడి మాట

పెద్దలారా, అమ్మలారా, కొలిమి దగ్గర చెమటోడ్చే నా తమ్ముళ్ళారా,

బయ్యూమీ మేస్త్రీ పోయి ఇవాళ్టికి నలభై రోజులు. వారానికి ఒక్కటే సెలవు, శుక్రవారం. ఆ పూట ఇంట్లో నడుం వాల్చకుండా ఈ షామియానా కిందికి ఇంతమంది వచ్చారు. ఖురాన్ చదివిన షేక్ గారికి, కుర్చీలిచ్చిన కాఫీ హోటలు వాళ్ళకి, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న మేస్త్రీ భార్య ఉమ్ నగ్లాకి, ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్న కూతురు నగ్లాకి నా సలాములు. నా పేరు ఫర్గలీ. బ్యాటరీల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ని. ఇరవై రెండేళ్ళుగా గేటు పక్క కిటికీలోంచి మీకు పాల ప్యాకెట్లు అందిస్తున్నది ఈ చేతులే.

ఇందాక మీకు కాఫీ ఇచ్చారు. చావు కాఫీ. అందులో పంచదార వెయ్యరు, అది మన ఆచారం. నేనొక ప్రశ్న అడుగుతాను. నాకు జవాబు చెప్పొద్దు, మీ మనసులో మీరే చెప్పుకోండి. ఆ చేదు కాఫీ మీలో ఎంతమందికి తియ్యగా అనిపించింది?

నాకు అనిపించింది.

మేస్త్రీ ఉంటే ఏమనేవాడో మీకు తెలుసు. "నోట్లో ఏమీ లేకుండా తీపి తగిలిందా? మురిసిపోకురా. సీసం నిన్ను పలకరిస్తోంది" అనేవాడు. అని, మన పెదవి పైకెత్తి చిగుళ్ళ మీద నీలం గీత ఉందేమో చూసేవాడు. సంతలో గాడిదని కొనేవాడు కూడా అంత శ్రద్ధగా చూడడు.

ఇంకో సంగతి. ఆ కాఫీ కప్పు నేను ఎడమచేత్తో అందుకున్నాను. షేక్ గారు నా వంక అదోలా చూశారు. తప్పే. ఎందుకు చేశానో చివర్లో చెబుతాను, అందాకా క్షమించండి.

చనిపోయినవాణ్ణి పొగడ్డానికి నన్ను పిలిచారు. పొగుడుతాను. కానీ మేస్త్రీ గురించి నిజం చెప్పాలంటే నా గురించి, మీ గురించి కూడా నిజం చెప్పాలి. వినలేనివాళ్ళు లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను.

ముందు మనం గెలిచిన కథ చెబుతాను.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. పాత కారు బ్యాటరీలు లారీల్లో వచ్చేవి. మీరు గొడ్డళ్ళతో పగలగొట్టేవాళ్ళు. యాసిడ్ కాలవలోకి పోయేది, సీసం పలకలు కొలిమిలోకి పోయేవి, పొగ మనలోకి పోయేది. ఇప్పుడు మాత్రం వేరేగా ఉందా? అప్పట్లో కడుపునొప్పి లేనివాడు మన షెడ్డులో లేడు. అప్పుడు బయ్యూమీ కొలిమి పెద్ద. ముప్పై ఏళ్ళ వయసు, గొంతు లారీ హారన్. "ఇక చాలు" అన్నాడు. మూడు రోజులు కొలిమి ఆర్పి అందరం గేటు ముందు కూర్చున్నాం. ఏం అడిగాం మనం?

పొగని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు అడిగామా? లేదు. ముక్కుకి కట్టుకునే మాస్కులు అడిగామా? లేదు. చేతులు కడుక్కోవడానికి నాలుగు కుళాయిలైనా అడిగామా? అడగలేదు. మనం పాలు అడిగాం.

నవ్వకండి. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. సీసం కడుపులోకి పోతే పాలు దాన్ని పట్టుకుని బయటికి ఈడ్చుకుపోతాయని మన తండ్రులు నమ్మారు. అచ్చాఫీసుల్లో సీసం అక్షరాలు కూర్చేవాళ్ళకి పాలు ఇచ్చేవాళ్ళు, రంగుల మిల్లులో వాళ్ళకి పాలు ఇచ్చేవాళ్ళు. విషంతో పనిచేసేవాడికి పాలు హక్కు. మనకెందుకు లేదు అన్నాడు బయ్యూమీ. న్యాయమే కదా అనుకున్నాం.

మూడో రోజు మేనేజరు బయటికి వచ్చాడు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నవ్వుతున్నాడు. "పాలేనా? దానికింత గొడవ దేనికయ్యా? మొదటే చెబితే మొదటే ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు. మనం బయ్యూమీని భుజాల మీద ఎక్కించుకుని కాలవ వంతెన దాకా ఊరేగించాం. ఆడవాళ్ళు మేడల మీంచి నాలుక ఆడిస్తూ సంబరంగా జగారీద్ కేకలు పెట్టారు. ఆ నవ్వు గురించి ఒక్కడూ ఆలోచించలేదు. అడిగినదానికి యజమాని అంత తేలిగ్గా ఒప్పుకుంటే, అడగాల్సింది మనం అడగలేదన్నమాట. ఈ ముక్క అర్థం కావడానికి మేస్త్రీకి మూడేళ్ళు పట్టింది. నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆ పాలు పంచడానికి స్టోర్లో ఒక మనిషి కావాల్సి వచ్చాడు. ఆ మనిషిని నేను. అదే స్టోర్లో, పాల డబ్బాల వెనక, మాస్కుల పెట్టెలు రెండు ఉండేవి. తనిఖీ ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్న మీకు పంచేవాణ్ణి. ఆయన కారు గేటు దాటగానే లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవాణ్ణి. మాసిపోతే కేకలేసేవాణ్ణి కూడా. ఎవరి మొహం మీంచి లాక్కున్నానో వాళ్ళు ఇక్కడే ఉన్నారు. వాళ్ళ కళ్ళలోకి చూడలేకే ఈ మైకు వంక చూసి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు చెప్పండి. ఆ పాలు మీలో ఎవరైనా తాగారా?

ఒక్కరూ తాగలేదు. నాకు తెలుసు, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పొద్దున్న ఆరింటికి ప్యాకెట్ ఇస్తే, ఎండకి పాడవకుండా గోడ వారగా పెట్టి, తడిపిన గోనెపట్టా కప్పేవాళ్ళు. ఆ పట్టా మీద రోజంతా కొలిమి బూడిద రాలేది. సాయంత్రం ఆ ప్యాకెట్ చొక్కా లోపల దోపుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు. ఇంట్లో పిల్లలున్నారు. పిల్లల్ని పస్తుపెట్టి తాను పాలు తాగే తండ్రి మన శుబ్రా పేటలో ఎవడున్నాడు? మనం మొండివాళ్ళం కావచ్చు, బూతులు మాట్లాడతాం కావచ్చు, అలాంటి పని మాత్రం చెయ్యం. చెయ్యకపోవడమే మనం చేసిన తప్పు.

ఇక్కణ్ణుంచి చెప్పబోయేది ఉమ్ నగ్లా చెప్పమంటేనే చెబుతున్నాను.

పాలు మొదలైన రెండేళ్ళకి నగ్లాకి నాలుగేళ్ళు. బేకరీ అరుగు మీద నిలబడి తండ్రి కోసం ఎదురుచూసేది. మొత్తం పేటలో దానికి రాని పాట లేదు, అందరికీ పేరు పెట్టి మరీ సలాం చెప్పేది. నన్ను "పాల మామా" అని పిలిచేది. తండ్రి చొక్కాలోంచి ప్యాకెట్ తియ్యగానే మూల పళ్ళతో కొరికి అక్కడే పీల్చేది. ఇంటికెళ్ళి గిన్నెలో పోసుకునేంత ఓపిక ఏ పిల్లకుంటుంది? తండ్రి ఎత్తుకునేవాడు. పిల్ల ఆ చొక్కాకి మొహం ఆనించుకునేది. ఆ చొక్కాని ఉమ్ నగ్లా బేసిన్లో చేత్తో ఉతికేది, అదే చేత్తో రొట్టె విరిచి పిల్ల నోట్లో పెట్టేది.

ఒక ఏడాది గడిచింది. పిల్ల కడుపు పట్టుకుని ఏడ్చేది. పాలిపోయింది. దిష్టి అన్నారు, ధూపం వేశారు. ఆ తర్వాత పాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత పేర్లు మరిచిపోయింది. ఒకరోజు ఫిట్స్ వస్తే కైరోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడొక డాక్టరమ్మ, పెద్దావిడ, అడిగిందట. "నువ్వేం పనిచేస్తావు? ఇంటికేం తెస్తావు?" మన బయ్యూమీ ఛాతీ విరుచుకుని చెప్పాడట. "పాలు తెస్తానమ్మా. నా వాటా పాలు. నేనొక్క చుక్క ముట్టను, అన్నీ దానికే."

"రేపు ఆ ప్యాకెట్ కొరక్కుండా నా దగ్గరికి తీసుకురా" అందట ఆవిడ.

తీసుకెళ్ళాడు. తడి దూదితో ప్యాకెట్ పైన తుడిచి ఆ దూది అతని అరచేతిలో పెట్టింది. దూది నల్లగా ఉంది. "పాలల్లో ఏమీ లేదయ్యా. పాలు మంచివే. పైనున్నది సీసం. అది పాలతో పోదు, నీకూ పోదు, దానికీ పోదు. మందిస్తాను, కొంత దిగుతుంది. పోయిన బుద్ధి తిరిగి రాదు" అందట. ఈ ముక్కలు నాకు ఒక్కసారే చెప్పాడు. ఆ ఒక్కసారి చెప్పడానికి కూడా స్టోర్ తలుపు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఏం చేశాడో మీకు గుర్తుందా? గుర్తులేనట్టు నటించకండి. పాల లైను పక్కన తడిగుడ్డతో నిలబడ్డాడు. తెల్ల గుడ్డ. ముందురోజు ప్యాకెట్ గోడ వారనే మరిచిపోయిన ప్రతివాడిదీ తీసుకుని తుడిచి, గుడ్డ వాడికే చూపించాడు. "ఇంటికి తీసుకెళ్ళకండిరా. ఇక్కడే తాగండి, లేదా పారబొయ్యండి. ఈ చొక్కాతో పిల్లల్ని ఎత్తుకోకండి" అని బతిమాలాడు. బయ్యూమీ బతిమాలడం నేను మొదటిసారి చూశాను.

మనం ఏమన్నాం? "ఏం మేస్త్రీ, మేనేజరు నీకేం తినిపించాడు?" అన్నాం. "నీ పిల్లకి జబ్బు చేస్తే మా పిల్లల నోటికాడ పాలు లాగేస్తావా?" అన్నాం. "గుడ్డ ఎలాగూ తెచ్చావు, కిటికీలు కూడా తుడిచిపో" అని ఒకడన్నాడు. అది ఎవరో నాకు తెలుసు, అతను ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. నా పేరు చెబుతాను. "లైను ఆపకు మేస్త్రీ, నాకు పనుంది" అన్నది ఫర్గలీ.

మూడేళ్ళ కిందట భుజాల మీద ఊరేగించిన మనిషిని మనం మోచేత్తో పక్కకి నెట్టి ప్యాకెట్లు తీసుకున్నాం.

ఇంకొకడైతే ఛీ పొమ్మని ఇంట్లో కూర్చునేవాడు. మేస్త్రీ అలిగేవాడు కాడు. మనల్ని మాటలతో గెలవలేనని తెలుసుకుని నీళ్ళతో గెలుద్దామనుకున్నాడు. రెండేళ్ళు అర్జీలు పెట్టాడు, కార్మిక శాఖ ఆఫీసు మెట్లు అరగదీశాడు. చివరికి కాలవ గోడ పక్కన పాడుబడ్డ షెడ్డు ఇచ్చారు. అక్కడ ఆరు కుళాయిలు, ఒక్కొక్కరికి రెండేసి బీరువా గూళ్ళు, ఒకటి ఫ్యాక్టరీ బట్టలకి, ఒకటి ఇంటి బట్టలకి. ఒక తలుపులోంచి మురికితో లోపలికి, ఇంకో తలుపులోంచి శుభ్రంగా బయటికి. మధ్యలో సబ్బు, నీళ్ళు, స్టూలు మీద బయ్యూమీ. స్నానం చెయ్యనివాణ్ణి ఆ రెండో తలుపు దాటనిచ్చేవాడు కాడు. తిండి కూడా అంతే. ఫూల్ చిక్కుడు గింజల గిన్నె ముందు కూర్చున్నవాడి చేతులు చూడకుండా రొట్టె తుంచనిచ్చేవాడు కాడు.

కొత్త ఇంజనీరు గుర్తున్నాడా? కొలిమి దగ్గర అటూ ఇటూ తిరిగి, మెరిసే బూట్లతో తిన్నగా కారెక్కబోయాడు. "సార్, బూట్లు ఇక్కడ" అన్నాడు మేస్త్రీ. "నేనెవరో తెలుసా?" అన్నాడు ఆయన. "తెలుసు సార్. మొన్న పుట్టిన పాప తండ్రివి. మిఠాయి నేనూ తిన్నాను. బూట్లు విప్పు" అన్నాడు. ఇంజనీరు సాక్సులతో కారు దాకా నడిచాడు. మనమంతా పగలబడి నవ్వాం. మర్నాటి నుంచి ఆయన ఇంకో జత బూట్లు తెచ్చుకున్నాడు.

గురువారం గురువారం చేతులు చూసేవాడు. వరసగా నిలబెట్టి రెండు చేతులూ ముందుకి చాపించేవాడు, అరచేయి నేలకేసి. "ఏం మేస్త్రీ, గోరింటాకు పండిందా?" అని మనం ఏడిపించేవాళ్ళం. "పండితే నీకెందుకు చెబుతాను, మీ ఆవిడకి చెబుతా" అనేవాడు. అంటూనే ప్రతి మణికట్టూ చూసేవాడు. ఎవరి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోతోందో, వేళ్ళు ఎత్తలేక కిందికి వేలాడుతోందో, వాణ్ణి ఆ రోజే కొలిమి నుంచి తప్పించి డాక్టరమ్మ దగ్గరికి పంపేవాడు. జక్జూక్, నువ్విక్కడే ఉన్నావు. నాలుగు నెలలు నిన్ను కొలిమి ముట్టనివ్వలేదు. నువ్వు తిట్టిన తిట్లు నేను స్టోర్లోంచి విన్నాను. ఇవాళ కాఫీ కప్పు నువ్వే పట్టుకోగలిగావు కదా?

పదిహేడేళ్ళు ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఆ పదిహేడేళ్ళలో మన పేటలో ఏ పిల్లా పాట మరిచిపోలేదు. ఇంతకంటే పెద్ద పొగడ్త నాకు రాదు.

కానీ సీసం మరిచిపోలేదు. అది ఎముకల్లో దాక్కుంటుందట. మనిషి వయసు మళ్ళి ఎముకలు అరగడం మొదలుపెడితే బయటికి వస్తుందట. మేస్త్రీకి అలాగే వచ్చింది. కిడ్నీలు పోయాయి. యాభై రెండేళ్ళకే ముసలాడైపోయాడు. పోవడానికి వారం ముందు నేను చూడ్డానికి వెళితే, నా చెవి దగ్గరికి తెమ్మని అన్నాడు. "ఫర్గలీ, నేను పోయాక వాళ్ళు ముందు స్నానాల గదికి తాళం వేస్తారు. పాలు మాత్రం ఆపరు, చూస్తూ ఉండు."

నేను చూస్తూనే ఉన్నాను. అతను పోయిన ఎనిమిదో రోజున తలుపు మీద కాగితం అంటించారు. మరమ్మతుల కోసం మూసివేయడమైనది అని. ముప్పై రెండు రోజులైంది. ఒక తాపీవాడు రాలేదు, ఒక గొట్టం మారలేదు. లోపలికి వచ్చినవి రెండు పెద్ద ఫ్రిజ్‌లు. పాలు పెట్టుకోవడానికి. మీరంతా గేటు మీద ఇంకో కాగితం చదివారు. దివంగత బయ్యూమీ సేవలకి గుర్తుగా ఒకటో తారీఖు నుంచి మనిషికి రోజుకి రెండు ప్యాకెట్లు. చదివి మీరు చప్పట్లు కొట్టారు. నేను కిటికీలోంచి విన్నాను.

అతని పేరు మీద, అయ్యా. అతని పేరు మీద.

ఆ తలుపుకి తాళం వేసిందెవరో తెలుసా? మేనేజరు చెప్పాడు, తాళం వేసింది నేను. మేస్త్రీ స్టూలు తీసి స్టోర్లో పడేసింది కూడా నేనే. ఉమ్ నగ్లా, ఈ మాట నీ ఎదురుగా చెప్పాలనే ఇవాళ వచ్చాను. నన్ను క్షమించమని అడగడం లేదు.

ముప్పై రెండు రోజులుగా మీరు ఆ చొక్కాలతోనే ఇంటికి వెళుతున్నారు. ఆ చొక్కాలతోనే పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. ఈ గుడ్డ గోడ వెనకాల వాళ్ళు ఆడుకుంటున్నారు, వినబడుతోందా? ఇందాక నేను లోపలికి వస్తుంటే ఒక పాప నా పక్కనుంచి పరిగెత్తింది. నాలుగేళ్ళుంటాయి. ప్యాకెట్ మూల కొరుకుతోంది. ఎవరి పాప అని అడగాలనుకున్నాను. అడగలేదు, భయమేసింది. పాప నన్ను చూసి "పాల మామా" అంది.

నగ్లాకి ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఇందాక నా పేరు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పాను. మళ్ళీ అడిగితే మళ్ళీ చెబుతాను. ఆ పరిగెత్తిన పాప ఇరవై ఏళ్ళ తర్వాత ఇలాంటి సభలో ఎవరి పేరు ఎన్నిసార్లు అడుగుతుందో, అది మాత్రం రేపు పొద్దున్న మన చేతుల్లో ఉంది.

ఇదిగో ఆ తాళంచెవి. సోమవారంలోగా ఇచ్చెయ్యమన్నాడు మేనేజరు. ఇవ్వను. రేపు శనివారం పొద్దున్నే ఆ ఫ్రిజ్‌లు బయటికి లాగి, తలుపు తెరిచి, స్టూలు వేసుకుని నేనే కూర్చుంటాను. పాల కిటికీ మూసే ఉంటుంది. నా ఉద్యోగం పోతుంది, పోనీ. నన్ను ఒంటరిగా కూర్చోబెడతారా, నాతో నిలబడతారా, అది మీ ఇష్టం. ఒకసారి అతన్ని మోచేత్తో నెట్టిన జనం మనం. రెండోసారి నెట్టడం కష్టమేమీ కాదు.

ఇక చివరి మాట. కప్పు ఎడమచేత్తో ఎందుకు తీసుకున్నానో చెబుతానన్నాను.

నేను కొలిమి దగ్గర ఒక్కరోజు పనిచెయ్యలేదు. గొడ్డలి పట్టలేదు. గోడ ఇవతల, స్టోర్లో, శుభ్రంగా ఉన్నాననుకున్నాను. మీ ప్యాకెట్లు, మీ మాస్కులు, మీ చేతులు తగిలిన కాగితాలు తప్ప నేను ముట్టుకున్నది లేదు.

అందరూ దయచేసి లేవండి. మేస్త్రీ కోసం ఒక నిమిషం మౌనంగా నిలబడదాం. కానీ తలలు దించుకోవద్దు, కళ్ళు మూసుకోవద్దు. అతనికి అది నచ్చదు. ఫ్యాక్టరీలో పనిచేసే ప్రతివాడూ గురువారం నిలబడినట్టు నిలబడండి. రెండు చేతులూ ముందుకి చాపండి, అరచేయి నేలకేసి. ఎవరి చెయ్యి వాళ్ళు చూసుకోకండి, పక్కవాడి మణికట్టు చూడండి. మాట్లాడకండి. ఆడవాళ్ళు మీ మగవాళ్ళ చేతులు చూడండి.

ఇదిగో, ఇది నా కుడిచెయ్యి.